పైన్ వాసన మొదటి తరంలోనే మాయం, మీకూ ఇంతేనా?

ముక్కుసూటి:
లైసెన్స్ మీద గంజాయి బ్రీడింగ్ చేసే చిన్న టీమ్ మాది. మా తల్లి మొక్క మొగ్గ నలిపితే చాలు, పైన్ చెట్టు కొమ్మ విరిచినట్టు గుప్పుమంటుంది. వేరే వంశం (లైన్) మగ మొక్కతో కలిపితే, వచ్చిన 40 మొక్కల్లో పైన్ గట్టిగా తగిలేవి మూడే. మిగతావన్నీ మగ్గిన పండు, తడి మట్టి కలిసిన వాసన. ఏం తప్పు చేశాం?

విత్తనాలబ్బాయ్:
తప్పేం లేదు అన్నా, మగ మొక్క ఏం తెచ్చిందో చూడలేదంతే. మగవాటి మీద వాసన పుట్టే జిగురు గ్రంథులు తక్కువ, కాండం రుద్ది వాసన చూసేది సగం జూదమే. పైన్ వాసననిచ్చే పైనీన్, ఇంకో రెండు వాసన పదార్థాలు మైర్సీన్, లిమోనీన్, ఈ మూడింటికీ మొక్కలో ముడిసరుకు ఒక్కటే, జెరానిల్ పైరోఫాస్ఫేట్. ఏ ఎంజైము చురుగ్గా ఉంటే సరుకు అటు పోతుంది. నువ్వు చెప్పిన పండు వాసన మైర్సీన్‌లా ఉంది. పైన్ తగిలిన ఆ మూడు మొక్కల్నీ వాటి తోబుట్టువులతో కలిపి రెండో తరం పెంచి చూడు, కానీ ఎక్కువ మొక్కలు పెట్టు, పదీ ఇరవైతో ఏమీ తేలదు.

జిగురుచేతులు:
అసలు అది పైనీనేనా? మేము రెండేళ్లు "పైన్" అని ఏరుకుంటూ వచ్చి, చివరికి ల్యాబ్‌కి పంపితే టెర్పినోలీన్ అనే మరో వాసన పదార్థం ముందుంది, పైనీన్ వెనకెక్కడో ఉంది 😅 ఆల్ఫా పైనీన్ అంటే టర్పెంటైన్ సీసా మూత తీసినట్టు, రోజ్‌మేరీ నలిపినట్టు ఉంటుంది. (కృత్రిమ కర్పూరం తయారయ్యేదీ దీన్నుంచే.) టెర్పినోలీన్‌లోనూ పైన్ ఛాయ ఉంటుంది కానీ కాస్త తియ్యగా, పూల వాసన కలిసి వస్తుంది. ముక్కు ఈ రెండింటినీ కలిపేస్తుంది.

నీడపట్టు:
వాసన ఎప్పుడు చూశారో కూడా చెప్పండి. పచ్చిగా ఉన్నప్పుడా, ఆరాకా? 1996లో వచ్చిన ఒక అధ్యయనంలో మొగ్గలు వారం ఆరేసరికే సుగంధ తైలంలో 31 శాతం పోయింది, మూడు నెలలకు సగం పైనే. ముందు ఎగిరిపోయేవి పైనీన్ లాంటి తేలికవే. నేనొకసారి వేడి గదిలో ఆరబెట్టి మంచి మొక్కలన్నీ "వాసన లేదు" అని పీకేశాను, ఇప్పటికీ బాధే.

ముక్కుసూటి:
అయ్యో, మేము చూసింది ఆరిన పది రోజులకి! తల్లిని మాత్రం పచ్చిగా చూశాం, అంటే పోలికే తప్పన్నమాట. తల్లి, ఆ మూడు, పండు వాసన వాటిలో ఒక నాలుగు, అన్నీ ఒకే రోజు కోసి ఒకేలా ఆరబెట్టి ల్యాబ్‌కి పంపుతున్నా. మగ మొక్క పుప్పొడి ఫ్రీజర్‌లో ఉంది, పారేయాలా?

విత్తనాలబ్బాయ్:
రిపోర్ట్ వచ్చేదాకా ముట్టుకోకు. మగవాడి అక్కచెల్లెళ్లు బతికుంటే వాటి మొగ్గలూ పంపు, వాడిలో ఏం దాగుందో వాటిని బట్టే కొంచెం తెలుస్తుంది.