అప్‌డేట్: నెల్లూరు సర్వే కంపెనీలో ఉండాలా, మానేయాలా అని అడిగాను కదా

మార్చిలో అడిగింది నేనే. ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా, అంటే ఇళ్లకు పోయి సర్వే ప్రశ్నలు అడిగే పని, మూడేళ్లు చేశాను, జీతం పెరగలేదు, సూపర్‌వైజర్‌ని చేస్తామని చెప్తానే ఉన్నారు, ఏం చెయ్యమంటారు అని.

మానేశాను.

ఇక్కడ ఒక అక్క ప్రమోషన్ సంగతి మెయిల్లో రాసి అడగమన్నారు. రాశాను. నెలైనా జవాబు రాలేదు. పీఎఫ్ పాస్‌బుక్ కూడా చూసుకోమన్నారు, అందులో మాత్రం డబ్బులు సరిగ్గానే పడ్డాయి.

నిజానికి నన్ను కదిలించింది జీతం కాదు. ఆత్మకూరు దగ్గర ఒక ఊళ్లో శాంపిల్లో వచ్చిన, అంటే సర్వేకి ముందే ఎంచిన ఇళ్లు సగం తాళాలేసి ఉన్నాయి. అందరూ నాట్లకు పోయారు. సాయంత్రం మళ్లీ పోవాలన్నది రూలు. మేనేజరేమో "పక్కింటోళ్లతో నింపెయ్, టార్గెట్ ముఖ్యం" అన్నాడు. పగలు ఇంట్లో ఉన్నవాళ్లనే అడిగితే కూలికి పోయినవాళ్ల మాట లెక్కలోకే రాదు కదా! మా అమ్మ కూడా నాట్లకు పోయేదే. నేను చీకటి పడేదాకా ఉండి ఆ ఇళ్లే చేశాను. టార్గెట్ తగ్గిందని ఇన్సెంటివ్ కోశారు.

ఇప్పుడు ఇంకో చిన్న సంస్థలో బ్యాక్‌చెక్ పని. ఇంటర్వ్యూ నిజంగా జరిగిందా అని ఇళ్లవాళ్లకు ఫోన్ చేసి కనుక్కుంటాను. జీతం రెండు వేలే ఎక్కువ. నాయనకు ఇంకా కోపం పోలేదు. కానీ ఇక్కడ తప్పు చూపిస్తే వింటున్నారు. రాత్రుళ్లు ఎక్సెల్, ఆర్ (R అని డేటా లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటున్నా.

మెయిల్ రాయమన్న అక్కా, మీకు చాలా థ్యాంక్స్.