సోషియాలజిస్టులు గిడెన్స్, ఆర్చర్ మధ్య తేడా ఎవరైనా విడమర్చి చెప్తారా?

సోషియాలజీ ఎం.ఏ. చదువుతున్నాను. సామాజిక నిర్మాణం (సమాజంలో పాతుకుపోయిన పద్ధతులు, నియమాలు), వ్యక్తి కర్తృత్వం (మనిషి తనంతట తాను ఎంచుకుని పనిచేసే శక్తి) మీద సెమినార్ పేపర్ రాయాలి. డర్క్‌హైమ్, వెబర్ వరకు ఇబ్బంది లేదు. చిక్కంతా గిడెన్స్‌తోనే.

నిర్మాణం మనల్ని కట్టిపడేయడమే కాదు, పని చేసే వీలు కూడా కల్పిస్తుందని, మన పనుల వల్లే అది మళ్లీ మళ్లీ నిలబడుతుందని 1984 నాటి పుస్తకంలో ఆయన అంటారు. వినడానికి బాగానే ఉంది. కానీ రెండింటినీ అలా కలిపేస్తే ఏది ముందు, ఏది తర్వాత అన్నది విడదీసి చూడలేమని మార్గరెట్ ఆర్చర్ తప్పుపట్టారు. అక్కడే నాకు బుర్ర తిరుగుతోంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. మంచి మార్కులున్న అమ్మాయి పెద్ద యూనివర్సిటీ అప్లికేషన్ తెరిచింది. సగం నింపి, "ఇది మనలాంటివాళ్లకు కాదులే" అని మూసేసింది. ఆపినవాళ్లెవరూ లేరు. దీన్ని ఫ్రెంచ్ సోషియాలజిస్ట్ బూర్దియో హాబిటస్‌తో, అంటే పెరిగిన వాతావరణం వల్ల మనలో తెలియకుండానే పాతుకుపోయే అలవాట్లు, ఆలోచనా తీరుతో వివరిస్తారు, అది తేలిగ్గానే అర్థమైంది (నిజం చెప్పాలంటే నాకు ఆయనే నచ్చుతారు). మరి గిడెన్స్ ఏమంటారు? ఆ అమ్మాయి పుట్టకముందు నుంచీ ఉన్న ఫీజుల పద్ధతిని ఆయన సిద్ధాంతంలో ఎక్కడ పెట్టాలి? ఆర్చర్ వాదన నిజంగా బలమైనదేనా, లేక గిడెన్స్‌ను సరిగ్గా చదవకుండా చేసిన విమర్శా?

ఇద్దరినీ చదివినవాళ్లు ఇదే ఉదాహరణతో చెప్తే మేలు చేసినవాళ్లవుతారు.