బీఎంఐ 25.3 అంటే లావేనా?

బట్టతల బాబాయ్ (ప్రశ్న):
నా వయసు 46. ఎత్తు 171 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. ఆఫీసులో చేయించిన హెల్త్ చెకప్‌లో బీఎంఐ 25.3, 'అధిక బరువు' అని రాశారు. అవే అంకెలు ఫోన్ యాప్‌లో కొడితే ఏకంగా 'ఊబకాయం' అంది. నా పక్క సీటు కుర్రాడిదీ దాదాపు ఇదే బీఎంఐ. వాడు రోజూ జిమ్‌లో బరువులు ఎత్తుతాడు, పొట్ట అన్నదే లేదు. ఇద్దర్నీ ఒకే గాటన కట్టడం ఏం లెక్క? పైగా పదేళ్లుగా నాది 34 సైజు ప్యాంటే. లావైతే అది పట్టదు కదా! ఇంట్లో మాత్రం రిపోర్టు పట్టుకుని రోజూ క్లాసు పీకుతున్నారు.

తూకం సిస్టర్:
చెకప్ క్యాంపుల్లో ఎత్తులూ బరువులూ రాయడమే 19 ఏళ్లుగా నా పని. రెండూ తప్పు కాదండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో 25 నుంచి అధిక బరువు, 30 నుంచి ఊబకాయం. మనవాళ్లకి అంతకన్నా తక్కువ బరువులోనే షుగరు, గుండె జబ్బులు వస్తున్నాయని 2009లో భారతీయులకు గీత కిందికి జరిపారు: 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. రిపోర్టు మొదటిది చూసింది, యాప్ రెండోది.

కిలోల్ని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. కండ ఎంతో, కొవ్వు ఎంతో దానికి తెలీదు. 19వ శతాబ్దంలో ఈ లెక్క కట్టిన కెట్లే అసలు డాక్టరే కాదు, బెల్జియం గణితవేత్త. కాబట్టి ఆ కుర్రాణ్ణి వదిలేయండి.

ఇక ప్యాంటు సంగతి. ఏమనుకోకండి, నవ్వొచ్చింది. పొట్ట పెరిగితే మగవాళ్లు సైజు మార్చరు, బెల్టు కిందికి దించుతారు. టేపు తీసుకోండి. చొక్కా ఎత్తి, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ నడిమధ్యన చుట్టి, మామూలుగా ఊపిరి వదిలాక చూడండి. పొట్ట బిగబట్టొద్దు! మనలో మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 హద్దు. ఎత్తు కూడా మళ్లీ కొలవండి, చెప్పులు విప్పి, మడమలు గోడకి ఆనించి. ఎత్తు ఉన్నదున్నట్టు చెప్పిన మగవాణ్ణి నేనింకా చూడలేదు.

సోఫా వీరుడు:
ఈ లెక్కలన్నీ ఎందుకు బాస్, అద్దం చాలదూ?

సన్నజాజి:
అద్దాన్ని నమ్మే నేను మోసపోయాను. నా బీఎంఐ 22.8. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉంటాయి, అందరూ 'ఎంత సన్నగా ఉన్నావో' అనేవాళ్లు. 41 ఏళ్లకి షుగర్ బయటపడింది. అప్పుడు కొలిస్తే నడుము 88.

బట్టతల బాబాయ్:
కొలిచాను సిస్టర్. ఎత్తు 168. కాలేజీ రోజుల్లో బూట్లతో కొలిచిన అంకెనే ఇన్నేళ్లూ ప్రతి ఫారంలో రాస్తున్నానన్నమాట. బీఎంఐ 26.2 అయి కూర్చుంది. నడుము 97. మూడుసార్లు చుట్టినా అంతే. 23కి రావాలంటే 9 కిలోలు తగ్గాలట. టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

తూకం సిస్టర్:
ఆ 9 ఇప్పుడు మర్చిపోండి. బరువులో 5 శాతం తగ్గినా బీపీ, షుగరు మెరుగవుతాయి. మీకు అది 3.7 కిలోలు. ఆరు నెలలు పట్టినా ఫర్వాలేదు. వారానికి 150 నిమిషాలైనా చురుగ్గా నడవండి, రెండు రోజులు కండరాలకి పని చెప్పండి. ఉత్తినే తిండి మానేస్తే కొవ్వుతోపాటు కండా పోతుంది. రోజూ తూకం ఎక్కి కంగారు పడొద్దు, ఒంట్లో నీటి వల్లే కిలో అటూ ఇటూ అవుతుంది. వారానికోసారి, పొద్దున్నే చూసుకుంటే చాలు. అవునూ, రిపోర్టులో ఫాస్టింగ్ షుగర్ ఎంతుంది?

బట్టతల బాబాయ్:
108. దాని పక్కన ఎవరూ ఏమీ రాయలేదు. నేనూ పట్టించుకోలేదు.

తూకం సిస్టర్:
100 నుంచి 125 మధ్య ఉంటే షుగర్ గుమ్మం దాకా వచ్చినట్టే. ఈ వారంలోనే డాక్టర్‌ని కలిసి మూడు నెలల సగటు షుగర్ టెస్ట్ గురించి అడగండి. బీఎంఐ సంగతి తర్వాత.