కృష్ణపట్నంలో పాత ఆవిరి ఓడ పెట్టి మ్యూజియం చేస్తే తప్పేంది?

పెన్నగట్టు:
మా చిన్నోడి దగ్గరికి ఇంగ్లండులో బ్రిస్టల్ పోయినప్పుడు ఎస్.ఎస్. గ్రేట్ బ్రిటన్ చూశాం. బ్రూనెల్ అనే ఇంజనీరు గీసిన ఇనప ఆవిరి ఓడ, 1843లో నీళ్లలోకి దించారు. పనికిరాదని 1937లో ఫాక్‌లాండ్ దీవుల్లో వదిలేస్తే, 1970లో తెప్ప మీదికెక్కించి దాన్ని కట్టిన బ్రిస్టల్ రేవులోకే మళ్లీ తెచ్చుకున్నారు. మనకూ కృష్ణపట్నం ఉండాదిగా, ఇట్టాంటిది ఒకటి తెచ్చి పెట్టకూడదా?

మూలాపేట మాస్టారు:
మీరు చూసిన ఇంజను నకలండీ. కరెంటు మోటారుతో తిప్పుతారు. గదులూ కొత్తగా చేసినవే. దానికి అంత టికెట్టా?

పెన్నగట్టు:
నకలేనని వాళ్లూ దాచలేదు మాస్టారూ. ఓడ చుట్టూ నీటిమట్టం దగ్గర గాజు పరిచి, పైన పలచగా నీళ్లు పోశారు. గట్టు మీంచి చూస్తే తేలతున్నట్టే ఉంటుంది. మెట్లు దిగితే అడుగంతా పొడి. ఏళ్ల తరబడి ఉప్పునీళ్లలో నానిన ఇనుము కదా, ఉప్పులోని క్లోరైడు లోపలికి దిగింది, తేమ తగిలితే తుప్పు ఆగదు. అందుకే యంత్రాలు పెట్టి అక్కడి గాలిలో తేమని 20 శాతానికి దించారు. చిల్లులు పడ్డ ఓడ అడుగు రేకు ముందు మా ఆవిడ చానాసేపు నిలబడిపోయింది, నేనే పిలిచా పోదాం రమ్మని. ఆ రేకు అసలుదే.

అల్లూరు కుర్రోడు:
నేనూ అదే చెప్తుండా అన్నా. మైపాడులో మా బాబాయి బండి సైలెన్సరు రెండేళ్లకే ఊడి చేతికొచ్చింది. ఆ సముద్రపు గాలిలో ఓడంటే, యంత్రాల కరెంటు బిల్లు ఎవురు కడతారు? మన పాత యుద్ధనౌక విక్రాంత్ ఏమైంది? అదీ ఆవిరి టర్బైన్ల ఓడే, 71 యుద్ధంలో మన బంగాళాఖాతంలోనే పనిచేసింది. 2001 నుంచి 2012 దాకా ముంబైలో మ్యూజియం. 2014లో 60 కోట్లకి తుక్కు కింద అమ్మేశారు. అంత పేరున్న ఓడకే దిక్కు లేదు.

తుమ్మలపెంట అమ్మాయి:
అసలు ఓడే ఎందుకు? బకింగ్‌హామ్ కాలవ మన గుమ్మంలో ఉండాది. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా. 1877-78 కరువులో కూలికి జనాన్ని పెట్టి అందులో కొంత భాగం తవ్వించి, అప్పటి గవర్నరు పేరు తగిలించారు. మా తాత సరుగుడు కట్టెలు పడవకేసి మద్రాసు పోయేవాడంట. గాలుంటే తెరచాప, లేకుంటే గట్టు మీద నడుస్తా తాడుతో లాగడం. చేతులు కాయలు కాసి ఉండేవని మా నాయన చెప్తాడు. ఆ పడవ ఒక్కటీ మిగల్లా. మేస్త్రిని వెతికి ఒకటి కట్టించి, పాత లాకు పక్కన షెడ్డేస్తే చాలు. చెక్కకి తుప్పు బాధా లేదు.

అల్లూరు కుర్రోడు:
చెద పడుతుంది.

మూలాపేట మాస్టారు:
అమ్మాయీ, అదీ నకలే గదా!

తుమ్మలపెంట అమ్మాయి:
నకలే మాస్టారూ. తాడు ఎట్టా లాగాలో చెప్పగలిగినోళ్లు మా ఊళ్లో ఇద్దరే మిగిలారు, ఇద్దరికీ ఎనభై దాటాయి. ఓడ వచ్చేదాకా ఉంటారా?

పెన్నగట్టు:
ఆ ఇద్దరూ మాట్లాడతారా? ఆదివారం కావలి దాకా వస్తుండా, ఫోనుతో వీడియో తీద్దాం.