సాన్ స్టార్మ్ కారుకి సామాన్లు తక్కువలో ఎట్టా దొరకబట్టుకోవాల? (కావలి)

కావలి_స్టార్మ్:
అన్నలందరికీ నమస్కారం. మా మేనమామ గోవాలో పనిచేసేటప్పుడు కొన్న సాన్ స్టార్మ్ ఇప్పుడు నా చేతికొచ్చింది. చూడనోళ్ళ కోసం చెప్తా ఉండా. 1990ల చివర్లో గోవాలో సాన్ మోటార్స్ వాళ్ళు చేసిన రెండు సీట్ల కారు. టాపు తీసి తిరగొచ్చు. బాడీ అంతా ఫైబరు, ఇంజను రెనో వాళ్ళది, 1149 సీసీ పెట్రోలు. చిన్నప్పుడు మామ సెలవులకి ఇంటికి తెస్తే వీధంతా చుట్టూ మూగేది. దాన్ని తుక్కుకి వెయ్యడం నా వల్ల కాదు.

బండి స్టార్టవతా ఉంది. ఇంజన్లో వాల్వుల్ని పిస్టన్లతో కలిపి నడిపే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలీదు. క్లచ్చి జారుతా ఉంది. ఎడమ పక్క చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూటు చినిగి గ్రీజంతా బయటికొచ్చేసింది. బ్రేకు మాస్టర్ సిలిండరు (పెడలు తొక్కితే బ్రేకు ఆయిల్ని తోసేది) దగ్గర ఆయిలు చెమ్మ కనిపిస్తా ఉంది. ముందు ఎడమ మూల ఫైబరు పగిలింది.

నెల్లూరులో అడిగితే ఈ కారు పేరే వినలేదని పంపించేశారు. చెన్నైలో ఒక షాపులో బెల్టుకీ క్లచ్చికీ కలిపి 85 వేలన్నారు, ఫారిన్ నుంచి రావాలంట. రొయ్యల మేత కొట్టు పెట్టుకున్నోడిని, అంత పెట్టలేను. షోలో నిలబెట్టడానికి కాదన్నా, ఆదివారం సాయంత్రం తుమ్మలపెంట బీచి దాకా పోయి రావాల, అంతే. దారి చెప్పండి.

ఒంగోలు_లేత్:
తమ్ముడూ, ముందు ఒక మాట. ఏ షాపుకి పోయినా కారు పేరు చెప్పి అడగబాక. సాన్ స్టార్మ్ అనగానే కౌంటర్లో కుర్రోడు లేదంటాడు, ఉన్నోడు రేటు మూడింతలు చేస్తాడు. నీ కారు అరుదైందే గానీ దాంట్లో ఉండే వస్తువులు అరుదైనవి కావు. వస్తువు నంబరు చెప్పి అడుగు, కొలత చెప్పి అడుగు.

నీ ఇంజను రెనో డీ7ఎఫ్. యూరప్‌లో ట్వింగోకీ క్లియోకీ వేసింది ఇదే. ఆ కార్లు అక్కడ లక్షల్లో తిరిగాయి. అందుకే గేట్స్, డేకో, కాంటినెంటల్ లాంటి కంపెనీలు దానికి బెల్టులు చేస్తానే ఉంటాయి. ఇంజను బ్లాకు మీద చిన్న ప్లేటు ఉంటది, తుడిచి చూడు. డీ7ఎఫ్ తర్వాత ఇంకో మూడంకెలుంటాయి. ఆ మూడంకెల్తో సహా ఇస్తేనే సరైన వస్తువు వస్తది. బెల్టూ, దాన్ని బిగువుగా పట్టే టెన్షనరూ కలిపి కిట్టుగా తెప్పించు. పాత టెన్షనరు మీద కొత్త బెల్టు వెయ్యనే వెయ్యబాక. కిట్టు బరువు తక్కువ కాబట్టి పార్సిలు ఖర్చు భరించొచ్చు. ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు, థర్మోస్టాట్, గాస్కెట్లు, అన్నీ ఒకే పార్సిల్లో వేయించుకో. కస్టమ్స్ సుంకం కూడా లెక్కలో పెట్టుకో. బరువైనవి మాత్రం బయటి నుంచి తెప్పించబాక, వస్తువు కంటే రవాణా ఎక్కువైతది.

మిగతాదంతా మన ఊళ్ళోనే అయ్యే పని. బేరింగు అంచు మీద నంబరు కొట్టి ఉంటది, అదే నంబరు ఏ బేరింగుల షాపులోనైనా దొరుకుద్ది, కారు పేరుతో పనే లేదు. ఆయిల్ సీలు మీద లోపలి కొలత, బయటి కొలత, మందం రాసుంటాయి. అరిగిపోయి కనపడకపోతే వెర్నియర్‌తో కొలుచుకో. బూటుకి మూడే కొలతలు: జాయింటు చుట్టు, షాఫ్టు లావు, బూటు పొడవు. ఆ మూడూ కలిసే బూటు వేరే కారుదైనా కూర్చుంటది. కానీ బూటు చినిగాక బండి తిప్పుంటే లోపలికి ఇసుక పోయుంటది. జాయింటు విప్పి కడిగి, గుంతలు పడ్డాయేమో చూశాకే కొత్త గ్రీజు పెట్టి కట్టు.

క్లచ్చి ప్లేటు మధ్యలో పళ్ళు బాగుంటే ప్లేటే మార్చాల్సిన పని లేదు. పాత లైనింగు తీసేసి కొత్తది రివిట్లు కొట్టి ఇస్తారు. లారీలకి రోజూ చేసే పనే అది. స్ప్రింగులు ఊగుతా ఉంటే మాత్రం వద్దు.

బ్రేకు దగ్గర పిసినారితనం చెయ్యబాక తమ్ముడూ. మాస్టర్ సిలిండరు బోరు, అంటే లోపలి రంధ్రం, కొలిచి ఆ సైజు రబ్బర్లు మంచి కంపెనీవి కొను. లోపల గుంతలు పడుంటే కొత్త రబ్బరు కూడా నిలవదు. అప్పుడు బోరులో స్లీవు (లోపల కొత్త గొట్టం) వేయించాల, లేకపోతే అదే బోరు, అదే బిగింపు ఉన్న వేరే సిలిండరు చూసుకోవాల. నేను చాలా బళ్ళు చూశా, ఆగే పని సరిగ్గా అయ్యాకే పరిగెత్తే పని.

జువ్వలదిన్నె_ఫైబర్:
ఫైబరు గురించి నేను చెప్తా. మాది బోట్ల పని. మీరు కావలోళ్ళే గదా, ఇంత దగ్గర్లో ఫైబరు బోట్లు చేసేవాళ్ళని పెట్టుకొని ఎక్కడెక్కడో అడగడం దేనికి? బోటుకీ మీ కారుకీ వస్తువు ఒకటే: గాజు నార మ్యాటు, దాన్ని పట్టి గట్టిపడే పాలిస్టర్ రెసిను, పైన నున్నటి పూతగా జెల్ కోటు.

పగిలిన మూల మీద కార్లకి పెట్టే పుట్టీ పెట్టించొద్దు. బండి అదిరేకొద్దీ ఊడొస్తది. పగులు చుట్టూ పెయింటు పూర్తిగా గీకేసి, అంచుల్ని వాలుగా వెడల్పుగా రాయాల. బలం లోపలి వైపు నుంచి రావాల, అందుకని వెనక పక్క మ్యాటు పొరలు ఒకదాని మీద ఒకటి, కిందది చిన్నది, పైది పెద్దది. ముక్క పోయిన చోట ముందు అట్టో రేకో ఆనిచ్చి ఆకారం తెచ్చుకోవాల. హార్డెనర్ ఎక్కువ పోస్తే తొందరగా గట్టిపడుద్దని కొందరు పోస్తారు. వేడెక్కి పెళుసవుద్ది, మళ్ళీ అక్కడే పగులుద్ది. వానాకాలం చెమ్మలో చెయ్యొద్దు.

ఇంకో మాట. డోర్లు, బానెట్టు ఇప్పుడు బాగానే ఉంటే ఇప్పుడే అచ్చులు తీసి పెట్టుకోండి. రేపు పగిలాక అచ్చు తియ్యడానికి ఏమీ మిగలదు. కుడి పక్కది ఎడమకి పనికి రాదు కాబట్టి రెండు పక్కలా తీసుకోవాల.

గూడూరు_పాసింజరు:
చెన్నై పోవాలంటే పినాకిని రైల్లో పోండి. కొత్త సామానుకి జీపీ రోడ్డు, పాత సామానుకి పుదుపేట. ఫోటో చూపిస్తే ఎవరూ పట్టించుకోరు, విప్పిన ముక్క సంచిలో వేసుకెళ్ళి చేతిలో పెట్టండి. పాత రబ్బరు సామాను, బ్రేకు సామాను పుదుపేటలో కొనొద్దు.

కావలి_స్టార్మ్:
అన్నా, పొద్దున ప్లేటు తుడిచి చూశా. డీ7ఎఫ్, పక్కన మూడంకెలు స్పష్టంగా కనిపిస్తా ఉండాయి. ఆ నంబరుతో వెతికితే బెల్టు కిట్టు మూడు కంపెనీలది కనిపించింది, నాకు చెప్పిన రేటు దరిదాపుల్లో కూడా లేదు! జువ్వలదిన్నె అన్నా, వచ్చే వారం బండి తెస్తా, అచ్చులు కూడా తీద్దాం. ఒంగోలన్నా, క్లచ్చి విప్పాక ప్లేటు నీకు పంపితే చూస్తావా? ఆర్సీ రెన్యువలుకి కూడా పోవాల, పదిహేనేళ్ళు దాటింది గదా.

ఒంగోలు_లేత్:
పంపు. ప్లేటు ఒక్కటే కాదు, ప్రెషర్ ప్లేటూ రిలీజ్ బేరింగూ కూడా పంపు. మూడూ కలిపి చూస్తేనే ఏది అరిగిందో తెలుస్తది. ఆర్టీసీ కార్గోలో వెయ్యి, ఒంగోలు బస్టాండులో తీసుకుంటా. ఫిట్‌నెస్‌కి పోయేలోపు బ్రేకు పని ముగించు, అక్కడ ముందు చూసేది అదే.