అలెండ్రొనేట్, థైరాయిడ్, గ్యాస్ మాత్ర మూడూ పరగడుపునే అంటున్నారు, ఏది ముందు?

తెనాలి_కోడలు
మా అత్తగారికి 54 ఏళ్లు. 39 ఏళ్లప్పుడే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. ఈ నెల డెక్సా (ఎముక గట్టిదనం చూసే స్కాన్) తీయిస్తే టీ స్కోరు (యవ్వనంలోని ఎముకతో పోల్చే అంకె) వెన్నులో మైనస్ 2.8, తుంటిలో మైనస్ 2.2 వచ్చింది. విటమిన్ డి కూడా తక్కువే, 13. థైరాయిడ్ మాత్ర 75 ఎంసీజీ, గ్యాస్ మాత్ర పాంటోప్రజోల్ 40 ఎంజీ ఏళ్ల తరబడి వాడుతున్నారు. ఇప్పుడు వీటికి తోడు ఎముకలు గుల్లబారకుండా అలెండ్రొనేట్ 70 ఎంజీ వారానికొకటి, కాల్షియం 500 రోజుకి రెండు, విటమిన్ డి3 60,000 యూనిట్లు వారానికొకటి రాశారు. పొద్దున్నే ఏది ముందు వేయాలి? రోజూ రాగిజావ తాగుతారు కదా, కాల్షియం మాత్రలు తప్పవా? సూర్యనమస్కారాలు కొనసాగించవచ్చా?

మందులచీటీ
అలెండ్రొనేట్‌కి వారంలో ఒక రోజు ఖాయం చేసుకోండి, ఆదివారం అనుకుందాం. లేవగానే మొదట అదే, నిండు గ్లాసు మామూలు మంచినీళ్లతో. చప్పరించకూడదు, నమలకూడదు. తర్వాత కనీసం 30 నిమిషాలు కూర్చోవడమో నిలబడటమో చేయాలి, మళ్లీ నడుం వాల్చకూడదు. మాత్ర అన్నవాహికలో అతుక్కుంటే అక్కడ పుండు పడుతుంది. గుండెల్లో మంట మొదలై మందు మానేసేవాళ్లలో చాలామంది రెండు గుక్కల నీళ్లతో వేసుకుని మళ్లీ పడుకున్నవాళ్లే. పరగడుపున వేసుకున్నా ఒంటికి పట్టేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. కాఫీతో వేసుకుంటే అందులోనూ సగం పైగా పోతుంది.

అరగంట అయ్యాక థైరాయిడ్ మాత్ర, ఇంకో అరగంట నుంచి గంట ఆగి కాఫీ, టిఫిన్. మిగతా ఆరు రోజులు థైరాయిడ్ మాత్ర మామూలుగానే. పాంటోప్రజోల్‌ని రాత్రి భోజనానికి అరగంట ముందుకి మార్చవచ్చేమో డాక్టరుని అడగండి, పొద్దుటి రద్దీ తగ్గుతుంది. కాల్షియానికీ థైరాయిడ్ మాత్రకీ నాలుగు గంటల ఎడం ఉండాలి, కాబట్టి అది మధ్యాహ్న భోజనంతోనే. ఆదివారం మర్చిపోతే సోమవారం పొద్దున వేసుకుని, మళ్లీ ఆదివారానికి వచ్చేయండి. ఒకే రోజు రెండు వద్దు.

కాల్షియం డబ్బా వెనక చదవండి. కార్బొనేట్ 1250 ఎంజీ అని ఉంటే అసలు కాల్షియం 500. సిట్రేట్ 1000 ఎంజీ అని ఉంటే అసలుది 210 మాత్రమే. కార్బొనేట్ కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి, పాంటోప్రజోల్ దాన్నే అణిచేస్తుంది. ఆవిడకి సిట్రేట్ అడగడం మేలు.

డి3 వారానికి ఒకటే, సాధారణంగా 8 వారాలు, కొంచెం నూనో పాలో ఉన్న భోజనం తర్వాత. చీటీలో వారానికి అని రాసినా రోజూ వేసుకునేవాళ్లు ఉంటారు. రక్తంలో కాల్షియం పెరిగి విపరీతమైన దాహం, వాంతులు, మలబద్ధకం, మతిమరుపు వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

ఎముకల_వార్డు
పై వరస సరిగ్గానే ఉంది. నా అభ్యంతరం మందు ఎంపిక మీద. ఏళ్ల తరబడి గ్యాస్ మాత్ర మీద ఉన్న మనిషికి అన్నవాహికని గీరే మాత్ర దేనికి? డి 13 ఉండగా ఈ తరహా మందు ఏది మొదలుపెట్టినా రక్తంలో కాల్షియం పడిపోయే ప్రమాదం ఉంది, ముందు ఆ డి సంగతి చూడాలి. తర్వాత ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ 5 ఎంజీ కుదురుతుందా అని అడగండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ 35 కంటే తక్కువుంటే అది ఇవ్వరు. మొదటిసారి రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు ఉంటాయి, పారాసిటమాల్ చాలు.

ఆరు నెలలకో ఇంజెక్షన్ అంటూ డెనోసుమాబ్ చెబితే ఒక్కటి తేల్చుకోండి: తేదీ తప్పకుండా వేయించగలరా? దాన్ని మధ్యలో ఆపేస్తే ఎముక వేగంగా కరిగి వెన్నుపూసలు ఒకదాని వెంట ఒకటి విరిగే ప్రమాదం ఉంది. ఆపాలంటే వెంటనే వేరే మందు అందుకోవాలి.

మొదలుపెట్టే ముందు రక్తపరీక్షల్లో కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్, టీఎస్‌హెచ్, పీటీహెచ్, ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ చూడాలి. డి బాగా తక్కువైతే ఎముక మెత్తబడినా డెక్సాలో అంకె ఇలాగే పడుతుంది. టీఎస్‌హెచ్ మరీ తక్కువుంటే థైరాయిడ్ డోసు ఎక్కువైందన్నమాట, అదీ ఎముకని తినేస్తుంది. ఎత్తు కొలవండి. యవ్వనంలో ఉన్నదానికంటే 4 సెంటీమీటర్లు తగ్గితే పక్క నుంచి వెన్ను ఎక్స్‌రే తీయించాలి, చాలా పూసలు నొప్పి లేకుండానే కుంగుతాయి.

అండాశయాలు 39కే పోవడం చిన్న విషయం కాదు. ఈస్ట్రోజన్ ఆగిన మొదటి కొన్నేళ్లలోనే ఎముక ఎక్కువగా పోతుంది. గర్భసంచి ఆపరేషన్లలో మన రెండు రాష్ట్రాలూ దేశంలో ముందు వరసలో ఉన్నాయి. ఇంట్లో అలాంటివాళ్లు ఇంకెవరైనా ఉంటే 50 దాకా ఆగకుండా డెక్సా తీయించండి.

పీకాల్సిన పన్ను ఉంటే మందుకి ముందే పీకించేయండి. మందు వాడుతుండగా తొడలో కొత్తగా నొప్పి వస్తే మోకాలి నొప్పి అనుకుని వదిలేయకండి, అరుదుగా తొడ ఎముకలో పగులు వస్తుంది.

ఫిజియో_వరంగల్
సూర్యనమస్కారాల్లో ముందుకి వంగే భంగిమలు ఆపేయమనండి. వాటిలోని పాదహస్తాసనం, విడిగా చేసే పశ్చిమోత్తానాసనం రెండూ వెన్నుపూస ముందు అంచుని నొక్కుతాయి, ఈ స్కోరుకి అక్కడే కుంగుతుంది. నేల మీద బిందె ఎత్తేటప్పుడు నడుము వంచకుండా తుంటి, మోకాళ్ల దగ్గర వంగి, బిందెని ఒంటికి ఆనించి లేవాలి.

నడక గుండెకి మంచిది, ఎముకకి అదొక్కటే చాలదు. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం 10 సార్లు, రెండు విడతలు. తేలికయ్యాక చేతుల్లో లీటరు నీళ్ల సీసాలు పట్టుకుని. గోడ పట్టుకుని మడమలెత్తి దించడం, వంటింటి ప్లాట్‌ఫాం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం. వారానికి మూడు రోజులు. ఎక్స్‌రేలో పూస కుంగినట్టు ఉంటే ఎవరైనా దగ్గరుండి చూపించాకే మొదలుపెట్టాలి. బాత్‌రూంలో పట్టుకునే కడ్డీ, రాత్రి లేస్తే వెలిగే చిన్న లైటు కూడా ఈ వైద్యంలో భాగమే.

పథ్యం_పట్టిక
రాగిజావ గురించి ఎవరూ చెప్పలేదు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 360 ఎంజీ కాల్షియం ఉంది. కానీ ఒక గ్లాసు జావలో పడే పిండి 30 గ్రాములే, అంటే సుమారు 110 ఎంజీ. రుతుక్రమం ఆగినవాళ్లకి రోజుకి 1200 కావాలి. పాలు, పెరుగు కలిపి అర లీటరు ఉంటే మరో 600 దాకా వస్తుంది. మునగాకు పప్పు, కూరలు కలిస్తే ఇంకో 100, 150. అంత తింటే కాల్షియం మాత్ర ఒకటే సరిపోవచ్చు, పాలు ముట్టకపోతే రెండూ కావాలి. పాలకూరని లెక్కలో వేయకండి, అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టుకుని వదలదు.

తెనాలి_కోడలు
ధన్యవాదాలండీ. పోయినేడు ఉచిత క్యాంపులో మడమ మీద మిషన్ పెట్టి నార్మల్ అన్నారు. ఏడాదిలో ఇంత పోతుందా?

ఎముకల_వార్డు
పోయి ఉండదు. అది అల్ట్రాసౌండ్, దాని అంకెని డెక్సా టీ స్కోరుతో పోల్చకూడదు, దాంతో రోగం ఉందనీ లేదనీ తేల్చరు. డెక్సాకి కూడా మోసపోయే చోట్లున్నాయి: నల్లగొండ, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లకి వెన్ను స్కోరు బాగా కనిపిస్తుంది, ఎముక మాత్రం పెళుసు. వాళ్లకి తుంటి అంకె, ఎక్స్‌రే కూడా చూడాలి. అత్తగారికి మళ్లీ ఏడాది, రెండేళ్లకి అదే సెంటర్లో, అదే మిషన్ మీద తీయించండి. వేరే మిషన్ అంకెతో పోలిస్తే పెరిగిందో తగ్గిందో చెప్పలేం.