సహజ రంగుల యూనిట్‌లో అమ్మ పని – ఎవరిని, ఎలా అడగాలి?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. అమ్మ ఇక్కడ సహజ రంగులద్దే చిన్న చేనేత యూనిట్‌లో ఆరేళ్లుగా పనిచేస్తోంది. కరక్కాయ నీళ్లలో నానిన బట్టను అన్నభేది (ఇనుప లవణం) నీళ్లలో ముంచితే నల్లరంగు వస్తుంది. గ్లవ్స్ ఇవ్వరు. గోళ్ల చుట్టూ చర్మం పగిలి, పచ్చడన్నం కలుపుకుంటే మంటతో చెయ్యి వెనక్కి తీసుకుంటోంది. చూడలేకపోతున్నాను.

కూలి పీసు లెక్కన, అదీ సరుకు అమ్ముడయ్యాకే. యజమాని చెడ్డవారు కాదు, ఆయనకీ ఆర్డర్ల డబ్బు ఆలస్యంగానే వస్తుంది. కానీ అమ్మ కడుపు ఆగదు కదా!

10 మంది ఉంటే ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) వర్తిస్తుందంటారు. ఇక్కడ 12 మంది పనిచేస్తున్నా పుస్తకంలో 7 పేర్లే. ఉన్న పని పోకుండా ఈ మాట ఎలా ఎత్తాలి? పీసు కూలి కనీస వేతనం కంటే తక్కువని ఎలా లెక్కగట్టి చూపాలి? మాకు ఒడియా రాయడం రాదు, లేబర్ ఆఫీసులో తెలుగు అర్జీ తీసుకుంటారా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.